ఒక్క అక్షరం

ప్రశ్నలోని మనిషికి పేరుండదు.
"యాభై నాలుగేళ్ళ పురుషుడు, మధుమేహం,
చెమటలు, తికమక మాటలు.
నర్సుగా మొదట ఏం చేస్తావు?"
కింద నాలుగు జవాబులు
బస్టాండులో ట్రోట్రో వ్యానుల్లా
నాలుగూ నన్నే పిలుస్తాయి.

పోయిన ఏడాది తప్పు బండెక్కాను.
మూడు మార్కులు.
మూడంటే మూడు.
అక్క అజారా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.
సంతలో షియా వెన్న తూచేటప్పుడు మాత్రం
ఎప్పుడూ లేనిది, తూకం రెండుసార్లు చూసిందట.

ఈసారి పేర్లు పెట్టి చదువుతున్నాను.
పిక్క వాచిన బాలింత మెమునాతు.
ఆ కాలు నలపకూడదు, ఎంత బతిమాలినా.
నాడి అరవైకి దిగువన కొట్టుకునే ముసలమ్మ నాపారీ.
ఆమెకు గుండె మాత్ర ఇవ్వబోయి
చెయ్యి వెనక్కి తీసుకుంటాను.
రక్తం ఎక్కుతుండగా వణికిన కుర్రాడికి
మా తమ్ముడి పేరే పెట్టాను.
ఇక ఆ గొట్టం ఆపడం మరిచిపోను.

కరెంటు పోతుంది.
హర్మటాన్ గాలి పేజీకీ పేజీకీ మధ్య
సన్నటి ఎర్రదుమ్ము పరుస్తుంది.
ఫోను వెలుతురులో చదువుతాను:
పొటాషియం నేరుగా నరంలోకి ఎప్పుడూ నెట్టకు.
'ఎప్పుడూ' కింద గీత గీసింది
నాకన్నా ముందు ఈ పుస్తకం కొన్నామె.
పాసైందో లేదో తెలీదు.
గీత మాత్రం వెనక పేజీకీ తగిలింది.

యెండి ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు,
రాత్రి డ్యూటీ చివరి గంట.
మందుల బండికన్నా ముందు
నా పలకరింపు నడుస్తుంది.
దసిబా. తెల్లవారింది.
మంచం మంచం దగ్గరా, దసిబా.
మా దగ్బానీలో దానికి జవాబు ఒక్కటే, ఒక్క అక్షరం:
నా.

అమ్మమ్మ నేర్పిన మర్యాద అనుకునేదాన్ని.
'నా' అన్నవాడి గొంతుదారి తెరిచే ఉంది.
'నా' అనడానికి సరిపడా ఊపిరి ఉంది.
తెల్లవారిందనీ, పిలిచింది తననేననీ
తెలిసేంత తెలివి ఉంది.
బీపీ పట్టీ చుట్టకముందే
సగం చార్టు నిండుతుంది.

ఆ రోజు ఏడో మంచం, నేందో తాత.
దసిబా తాతా.
ఏమీ లేదు.
దసిబా.
లోతు బావిలోంచి చేద
సగం ఒలికిపోతూ పైకొచ్చినట్టు
న...
దీర్ఘం రాలేదు.

చెయ్యి పట్టుకుంటే తడి.
పెదవులు చిట్లే పొడిగాలిలో, చెమట.
వేలికొన పొడిచాను. రెండు పాయింట్ ఒకటి.
సిస్టర్ ఫుసేనా! అని అరిచాను.
పక్క మంచం చుట్టమెవరో
పంచదార నీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు.
వద్దన్నా, వద్దు.
మింగలేని మనిషికి తీపి కూడా ఊపిరాపుతుంది.
నరంలోకే, నెమ్మదిగా, సిస్టర్ చేతిలో సిరంజి.
నేను తాత తల పక్కకి తిప్పి పట్టుకుని
సెకన్ల ముల్లుతో పాటు నిలబడ్డాను.

రాత్రి ఇన్సులిన్ పడింది. కడుపులో సంగటి పడలేదు.
కోడలు గిన్నె తెచ్చేసరికి నిద్రపోయాడట.
లేపబుద్ధి కాక మూత పెట్టి వెళ్ళిందట.
చార్టులో 'భోజనం' గడిలో టిక్కుంది.
ఆ టిక్కు నాది.
గిన్నె చూశాను, మూత తీసి చూడలేదు.

సిస్టర్‌కి చెప్పాను.
ఆమె తిట్టలేదు. కొత్త కాగితం ముందు పెట్టి
"జరిగింది జరిగినట్టు రాయి" అంది.
ఆ కాగితం మీద నాలుగు జవాబులు లేవు.

పావుగంటకి తాత కళ్ళు తెరిచి
కిటికీని, సీసాని, నన్ను వరసగా చూశాడు.
నాకు నోరు రాలేదు.
ఆయనే అన్నాడు: దసిబా.
గొంతు సవరించుకుని
ఈసారి నేనే అన్నాను,
నా.

గురువారం పరీక్ష.
యాభై నాలుగేళ్ళ పురుషుడు మళ్ళీ వస్తాడు
చెమటలతో, పేరు లేకుండా.
రెండో జవాబే సరైనది, తెలుసు. చక్కెర చూడాలి.
గడి నింపేముందు
ఒక్కసారి ఆయన్ని అడగాలని ఉంటుంది:
రాత్రి తిన్నావా, తాతా?